వాజీకరణ మూలికల పేర్లు: ఐదు భాషల అంగళ్లలో తెలుగు మాటలు

ఆయుర్వేదాన్ని ఎనిమిది అంగాలుగా విభజించిన ప్రాచీనులు అందులో ఒకదానికి వాజీకరణమని పేరు పెట్టారు. 'వాజి' అంటే గుర్రం. 'వాజం' అంటే బలం. పురుషునికి గుర్రం వంటి సామర్థ్యం కలిగించేదని కొందరు, బలం లేనివానికి బలం చేకూర్చేదని మరికొందరు దీనికి వ్యుత్పత్తి చెప్పారు. దీన్ని కామోద్దీపకాల శాఖగా మాత్రమే చూడటం నేడు పరిపాటి అయింది. కాని చరకసంహిత చికిత్సాస్థానంలోని రెండవ అధ్యాయం చదివినవారికి అక్కడి ప్రధాన చింత సంతానమేనని బోధపడుతుంది. పదహారేళ్లు నిండనివారికి, డెబ్బై దాటినవారికి ఈ చికిత్స తగదని ఆ గ్రంథం హద్దు కూడా గీసింది. సుశ్రుతసంహిత శారీరస్థానంలో పురుషుని శుక్రదోషాలు, స్త్రీ ఆర్తవదోషాలు ఒకే అధ్యాయంలో పక్కపక్కన చర్చకు వచ్చాయి. అంటే పిల్లలు కలగకపోవటానికి మగవానిలోని లోపం కూడా కారణం కావచ్చునన్న సంగతి మన వైద్యగ్రంథాలకు కొత్త కాదు.

గ్రంథాలలో ఉన్న ఈ సమదృష్టి మన భాషలలో లేదు. తెలుగులో 'గొడ్రాలు' ఉంది. కన్నడంలో 'బంజె', మరాఠీలో 'వాంఝ', ఒడియాలో 'బాంఝ' ఉన్నాయి. తమిళంలో 'మలడి' ఉంది. దానికి పుంలింగ రూపమైన 'మలడన్' నిఘంటువులో కన్పిస్తుంది గాని వీధిలో తిట్టుగా వినిపించేది స్త్రీలింగ రూపమే. మగవానిని ఎత్తిపొడిచే మాటలు ఈ అయిదు భాషలలోనూ కావలసినన్ని ఉన్నాయి. అయితే అవన్నీ శక్తిలేమిని చెప్పేవే తప్ప సంతానలేమిని చెప్పేవి కావు. నేటి వైద్యుల లెక్కలో పిల్లలు లేని జంటలలో దాదాపు సగం మంది విషయంలో పురుషుని వైపు కారణం ఎంతో కొంత ఉంటుంది. ఆ సగానికి ఇంటి భాషలో పేరు లేదు. పేరు లేని జబ్బుకు మందు మాత్రం ఉంది. దాన్ని 'బలం మందు' అనో 'ధాతుపుష్టి' అనో చాటుమాటుగా పిలిచారు.

తెలుగు రాష్ట్రాలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనవారి పలుకుబడిని పరిశీలించేటప్పుడు ఈ చాటుమాటుతనం ఫలితం మాకు స్పష్టంగా కన్పించింది. కోయంబత్తూరు, మదురై, రాజపాళయం ప్రాంతాలలోని తెలుగు ఇళ్లలో చదువు, రాత తమిళంలో సాగినా వంటింటి మాట తెలుగే. దగ్గుకు, జలుబుకు, బాలింతకు ఇచ్చే మందులు ఆడవారి చేతిలో ఉంటాయి కనుక ఆ దినుసుల పేర్లు, వాటిని నూరే, కాచే క్రియలు తెలుగులో చాలాకాలం నిలిచాయి. మగవారి మందు వంటింట్లో తయారయ్యేది కాదు. అది అంగడి నుంచి వచ్చేది; మగవాడు ఒంటరిగా వెళ్లి, గొంతు తగ్గించి అడిగి తెచ్చుకునేది. తమిళనాట అయితే నాట్టు మరుందు కడై, కన్నడదేశంలో గ్రంథిగె అంగడి, షోలాపూరులో కాష్ఠౌషధుల దుకాణం, బరంపురం సంతలో చెరమూళి అమ్మేవాని బుట్ట – ఎక్కడికి వెళ్తే అక్కడి పేరుతోనే అడగాలి. తల్లి నోట వినని పేరు, తండ్రి కొడుక్కు చెప్పుకోలేని పేరు తెలుగులో నిలవటం కష్టం. వలస కుటుంబాలలో తెలుగు ఓషధి నామాలు జారిపోయిన క్రమంలో వాజీకరణ మూలికలు ముందు వరుసలో ఉండటానికి ఇదే ముఖ్య కారణమని మా అభిప్రాయం.

అయితే అన్ని పేర్లూ ఒకే తీరున పోలేదు. కొన్ని భాష మారినా అర్థం మారకుండా నిలిచాయి. వీటిని కొంత వివరంగా చూడటం అవసరం.

నేలతాడి అనే చిన్న మొక్క ఉంది. ఆకులు తాటి మొలక ఆకుల్లా ఉంటాయి, పూలు పసుపుపచ్చన, నేలలోకి నిలువుగా దిగిన నల్లటి దుంప మందుకు పనికివస్తుంది. నేలను అంటిపెట్టుకున్న తాడి కనుక నేలతాడి. తమిళంలో ఇది నిలప్పనై. 'పనై' అంటే తాడి. కన్నడంలో నెలతాళె. సంస్కృతంలో తాళమూలి, ఒడియాలోనూ అదే. మరాఠీ మాత్రం ఈ పోలికను వదిలి కాళీ ముసళీ అన్నది. ఇక నేలగుమ్మడి. దీన్ని తమిళులు నిలప్పూసణి అంటారు, కన్నడిగులు నెలగుంబళ అంటారు, మరాఠీవారు భుయికోహళా అంటారు, ఒడియావారు భుఇఁ కఖారు అంటారు. అయిదు భాషలూ కూడబలుక్కున్నట్లు నేల ముందు పెట్టి గుమ్మడి తరువాత పెట్టాయి. సంస్కృతంలోని భూమికూష్మాండం కూడా ఇదే అచ్చులో పోసిన మాట. ఇక్కడ గుమ్మడి అంటే బూడిదగుమ్మడి అని గ్రహించాలి. నేడు మనం కూరకు వాడే తీపిగుమ్మడి అమెరికా ఖండం నుంచి వచ్చింది, ఆలస్యంగా వచ్చింది.

ఏనుగుపల్లేరుదీ ఇదే కథ. పల్లేరుకాయను పోలి ఉండి దానికంటె పెద్దదైన కాయ కనుక మనం ఏనుగును తగిలించాం. తమిళులు ఆనైనెరుంజి అన్నారు, కన్నడిగులు ఆనెనెగ్గిలు అన్నారు. మరాఠీ, హిందీలు ఏనుగు జోలికి పోకుండా 'పెద్ద గోఖరూ' అనే అర్థమిచ్చే మాటలతో సరిపెట్టుకున్నాయి. పెద్దదనాన్ని ఏనుగుతో చెప్పటం దక్షిణాది భాషల అలవాటు. ఈ మొక్క పచ్చి కొమ్మను నీళ్లలో తిప్పితే క్షణాలలో నీరు జిగురుగా, గుడ్డులోని తెల్లసొనలా మారుతుంది. ఆ జిగురును చూసే దీన్ని శుక్రవృద్ధికి చెప్పి ఉంటారని ఊహించటానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. మూత్రంలో మంటకు కూడా ఈ నీటినే తాగించేవారు.

1956లో ఎమినో భారతదేశాన్ని ఒక భాషాక్షేత్రంగా ప్రతిపాదించినప్పుడు ధ్వనులను, వ్యాకరణాంశాలను ముందుంచి చర్చించాడు. మూలికల పేర్లను చేర్చి చూస్తే ఆ వాదానికి మరింత బలం వస్తుంది. ఇవి ఎరవు మాటలు కావు. ఎరవు తెచ్చుకున్న ఊహలు. నేలతాడి తెలిసినవాడు నిలప్పనై వింటే మొక్క కళ్లముందు నిలుస్తుంది. రెండు భాషలూ తెలిసిన తెలుగువానికి ఇలాంటి పేర్లు మార్చుకోవటంలో నష్టమేమీ లేదు. కోలారు, పావగడ ప్రాంతాల తెలుగువారు ఒకే వాక్యంలో రెండు పేర్లూ వాడటం మేము విన్నాం.

దూలగొండి కథ ఇంత సాఫీగా లేదు. 'దూల' అంటే దురద, 'కొండి' అంటే తేలు కొండి. కాయమీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పుడుతుంది కనుక పేరు చక్కగా అతికింది. కాని ఆకు తగిలితే మండే మరో తీగను కూడా తెలుగులో దూలగొండే అంటారు. ఈ చిక్కు తప్పించుకోవటానికేనేమో మనవారు వాజీకరణ గింజలిచ్చే తీగకు పిల్లియడుగు అని ఇంకో పేరు పెట్టారు. తమిళుల పూనైక్కాలి కూడా పిల్లికాలే. సంస్కృతం కోతిని తెచ్చి కపికచ్ఛువు అన్నది. ముట్టుకోనివ్వదు కనుక ఆత్మగుప్త, స్వయంగుప్త అని కూడా అన్నది. మరాఠీ ఖాజకుయిలీలో మళ్లీ దురదే ఉంది. కన్నడ నసుగున్ని, ఒడియా బైడంక వేరే దారి పట్టాయి. వాత్స్యాయనుని కామసూత్రం చివరి అధికరణంలో స్వయంగుప్తను, నేలగుమ్మడి జాతికి చెందిన విదారిని పాలతో తీసుకొమ్మన్న యోగం ఉంది. ఈ గింజలను పాలలో ఉడికించి పొట్టు తీసి ఎండబెట్టి పొడి చేయటం నేటికీ వైద్యుల పద్ధతి.

ఈ గింజలకు ఆధునిక విజ్ఞానంలో ఒక గౌరవస్థానం ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ తరువాతి దశాబ్దాలలో అది పార్కిన్సన్ వ్యాధికి ప్రధాన ఔషధమైంది. మెదడులో ఈ పదార్థం డోపమిన్‌గా మారి ప్రొలాక్టిన్ హార్మోనును అణచుతుంది. ప్రొలాక్టిన్ ఎక్కువైతే పురుషునిలో కోరిక, వీర్యోత్పత్తి రెండూ తగ్గుతాయి. కనుక పాత యోగానికి ఒక శారీరక ఆధారం ఉన్నదనే చెప్పాలి. 2009లో లక్నో పరిశోధకులు సంతానం లేని పురుషులకు మూడు నెలలు ఈ చూర్ణమిచ్చి వీర్యకణాల సంఖ్య, కదలిక మెరుగైనట్లు ప్రకటించారు. పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన వర్గం అందులో లేదు కనుక దాన్ని చివరి మాటగా తీసుకోరాదు. మూడు నెలలన్న గడువు మాత్రం అర్థవంతమైనదే. ఒక వీర్యకణం తయారుకావటానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. మన నాటువైద్యులు చెప్పే మండలం రోజులు ఆ లెక్కకు చాలవు.

అనువాదానికి లొంగని పేర్ల సంగతి వేరు. పల్లేరుకు తమిళంలో నెరుంజి, కన్నడంలో నెగ్గిలు, మరాఠీలో గోఖరూ లేదా సరాటా, ఒడియాలో గోఖరా. తెలుగు మాట ఒక్కటే విడిగా ఉండిపోయింది. పెన్నేరుదీ అదే అవస్థ. 'పెను వేరు' పెన్నేరు అయిందని మేము భావిస్తున్నాం. కన్నడంలో దీని పేరు హిరేమద్దు, అంటే పెద్ద మందు. పెద్దదనం రెండింటిలోనూ ఉన్నా చెవికి పోలిక తెలియదు. తమిళంలో అముక్కరా కిళంగు, మరాఠీలో ఆస్కంద. చివరికి నేడు అన్నిచోట్లా అశ్వగంధ. ఆ వేరుకు గుర్రపు వాసన ఉంటుందని సంస్కృతం చెప్పింది. వాజీకరణంలోని వాజి ఇక్కడ మళ్లీ తలెత్తింది. డబ్బామీద అచ్చయిన ఈ పేరు ముందు పెన్నేరు, అముక్కరా, హిరేమద్దు మూడూ వెనకబడిపోతున్నాయి. పెన్నేరు అన్న మాటకు అర్థం తెలియనివారు కడప, అనంతపురం జిల్లాలలోనూ పెరుగుతున్నారు కనుక దీన్ని వలస కుటుంబాల తప్పుగా చూడరాదు.

కొన్ని పేర్లు సముద్రం దాటి వచ్చాయి. అక్కలకర్ర పేరు విన్న తెలుగువాడు అది అచ్చతెలుగు మాటే అనుకుంటాడు. అక్కలకూ కర్రకూ ఏ సంబంధమూ లేదు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చే వేరు ఇది, అరబ్బీలో ఆకిర్‌కర్హా. అది తమిళంలో అక్కిరాకారమై, మరాఠీలో అక్కలకారా అయి, తెలుగులోను కన్నడంలోను అక్కలకర్రగా స్థిరపడింది. సంస్కృతం దాన్ని ఆకారకరభం చేసుకుంది. శార్ఙ్గధరసంహితలో ఆకారకరభాది చూర్ణమన్న వాజీకరణ యోగం ఉంది. చరకసుశ్రుతాలలో లేని ఈ సరుకు మధ్యయుగపు వైద్యంలోకి యునానీ హకీముల ద్వారా, రేవు వర్తకం ద్వారా ప్రవేశించింది. సాలబ్‌మిశ్రీ కూడా అలాంటిదే. అరబ్బీలో దాని మూలార్థం నక్క వృషణాలు. జంట దుంపల ఆకారాన్ని చూసి పెట్టిన పేరు, ఆకారాన్ని చూసే చెప్పిన గుణం. చెట్టు రూపమే దాని గుణం చెబుతుందన్న నమ్మకం అరేబియాలో ఉన్నట్లే మన దగ్గరా ఉంది.

ఈ పేర్లను మొదట ఒకచోట చేర్చినవారు వర్తకుల వెంట వచ్చిన దొరలే. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ మొక్కలను వర్ణించేటప్పుడు తెలుగు పేర్లు నమోదు చేసేవాడు. యానాం అక్కడికి మరీ దూరమేమీ కాదు. ఆ గోదావరి పాయల మొక్కల పేర్లు ఇంగ్లీషువారి సరిహద్దు దగ్గర ఆగలేదు. 1813లో మద్రాసులో అచ్చయిన ఐన్‌స్లీ గ్రంథంలో ఒక్కొక్క మందు దినుసుకు తమిళం, తెలుగు, దక్కనీ పేర్లు వరసగా ఉంటాయి. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' పేరిట తెలుగు వృక్షనామాల పట్టిక ప్రకటించాడు. పదేళ్ల తరువాత మద్రాసు ట్రిప్లికేన్ వైద్యశాలకు చెందిన మొహిదీన్ షరీఫ్ ఔషధాల పేర్లను పలు భాషలలో పోల్చి చూపిన గ్రంథం వెలువడింది. మాకు వీరిలో మొహిదీన్ షరీఫ్ పట్ల గౌరవం ఎక్కువ. ఆయన పేర్లను ఎండిన ఆకుల పక్కన రాసుకున్నవాడు కాడు, రోగుల మధ్య నిలబడి సరిచూసుకున్నవాడు.

తెలుగు వైద్యగ్రంథాలు కూడా పొలిమేరలు దాటినవే. బసవరాజీయం సంస్కృత శ్లోకాల నడుమ తెలుగును కలుపుకొని నడిచిన గ్రంథం. దాని కర్త కొట్టూరు బసవరాజు వీరశైవుడు. వల్లభాచార్యుని వైద్యచింతామణి మరొకటి. 1940 నాటి ఔషధ చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాలుగా ఈ రెండింటికీ చోటు దొరికింది. తంజావూరులో తెలుగు నాయకుల తరువాత వచ్చిన మరాఠా పాలకులలో రెండవ శరభోజి ధన్వంతరి మహలు స్థాపించి వైద్యయోగాలను పరీక్షింపజేసి రాయించాడు. సంస్కృతం, తమిళం, తెలుగు, మరాఠీ తాళపత్రాలు, కాగితపు ప్రతులు ఒకే కప్పు కింద చేరిన సరస్వతీ మహలు అలాంటి చోటే. విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల పేరిట రతిరత్నప్రదీపిక అనే సంస్కృత కామశాస్త్ర గ్రంథం ఉన్నదంటే ఈ విద్య ఆ రోజులలో రహస్యమేమీ కాదు, రాజసభలో చర్చించదగినదే.

రహస్యం తరువాత వచ్చింది, రహస్యం వెంట మోసం వచ్చింది. తమిళనాట గోడలమీద, పత్రికల చివరి పుటలలో చిట్టుక్కురువి లేహ్యం ప్రకటనలు చూడనివారు లేరు. పిచ్చుక మాంసాన్ని చరకుడు వాజీకరణంలో చెప్పిన మాట నిజమే గాని ఆ సీసాలో పిచ్చుక ఉందో లేదో పిచ్చుకకే తెలియాలి. 1983లో భాగ్యరాజ్ తీసిన 'ముందానై ముడిచ్చు' చిత్రం తరువాత మునక్కాయ అన్న మాటకే తమిళులు నవ్వటం మొదలుపెట్టారు. అదే ఏడు అది తెలుగులో 'మూడు ముళ్లు'గా వచ్చింది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. గోడలు మాత్రం ఆ చట్టాన్ని చదివినట్లు లేవు.

పేరు చెదిరితే మందు చెదురుతుంది. ముసలి అన్న మాట తీసుకుందాం. నల్ల ముసలి అంటే మన నేలతాడి. తెల్ల ముసలి పేరుతో అమ్మేవి ఒకటి కాదు: పిల్లిపీచర జాతికి చెందిన ఒక వేరు, వేరే జాతికి చెందిన మరో దుంప. ఈ రెండో దానికి శాస్త్రనామంలో బొంబాయి సమీపంలోని బోరివలి పేరు చేరింది. క్లోరోఫైటం బోరివిలియానం అని 1955లో దాన్ని వర్ణించారు. 1990ల చివర మహారాష్ట్రలో, పొరుగు రాష్ట్రాలలో రైతులు ఈ సఫేద్ ముసళీని బంగారపు పంటగా ఎంచి నాటారు, ధర పడిపోగానే నష్టపోయారు. అడవిలో దొరికినంతకాలం తవ్వి తెచ్చేవారికి ఏ దుంప ఏదో తెలిసేది. ఎండి, పొట్టు తీసి, ముక్కలై అంగడికి చేరిన తరువాత పేరే గుర్తు.

నేలగుమ్మడి విషయంలో ప్రమాదం ఇంకా సూక్ష్మమైంది. అయిదు భాషలు ఒకే ఊహతో పేరు పెట్టాయని పైన చెప్పాం. ఆ పేరు కింద రెండు వేర్వేరు తీగలున్నాయి. ప్రభుత్వ ఆయుర్వేద ఔషధకోశం విదారి అన్నది చిక్కుడు కుటుంబపు తీగను. కొందరు తెలుగువారు దాన్ని దారిగుమ్మడి అంటారు, విదారిలోని మొదటి అక్షరం రాలిపోయి ఏర్పడిన మాట అయి ఉండవచ్చు. కేరళ వైద్యులు విదారి పేరుతో వాడేది తూటి కుటుంబానికి చెందిన పాలుగారే దుంపను. మొదటి దాని గడ్డలో స్త్రీ హార్మోనును పోలి పనిచేసే పదార్థాలున్నాయి. వీర్యవృద్ధి కోరి వచ్చిన పురుషుడు ఈ రెండింటిలో ఏది తింటున్నాడన్న ప్రశ్న కేవలం నిఘంటుకారుని ప్రశ్న కాదు. పాలక్కాడు పక్కన స్థిరపడిన తెలుగువాడు నిలప్పూసణి అని అడిగితే ఒక దుంప, షోలాపూరు పద్మశాలీ భుయికోహళా అని అడిగితే మరొక దుంప చేతికి రావచ్చు. ఇద్దరి తాతలూ నేలగుమ్మడి అన్నవారే.

మిగిలిన వాటి గురించి క్లుప్తంగా. పల్లేరు పురుష హార్మోనును పెంచుతుందన్న ప్రచారం విదేశాలలో క్రీడాకారుల మధ్య బాగా సాగింది. ఆరోగ్యవంతులపై జరిపిన పరీక్షలు దాన్ని బలపరచలేదు. అశ్వగంధపై చిన్న పరీక్షలు కొంత ఆశ కలిగించాయి గాని కాలేయానికి హాని కలిగిన సందర్భాలు కూడా నమోదయ్యాయి, డెన్మార్క్ 2023లో దాని అమ్మకాన్ని నిషేధించింది. చరకుడు ఈ అధ్యాయంలో మళ్లీ మళ్లీ చెప్పిన మినుములు, పాలు, నెయ్యి ఎవరినీ నిరాశపరచవు. మన సున్నుండకు అంతకంటె ప్రాచీన ప్రమాణం అక్కరలేదు. ఏ చూర్ణానికైనా ముందు పురుషుడు వీర్యపరీక్ష చేయించుకోవటం ఇప్పుడు చిన్న పట్టణాలలోనూ సాధ్యమే. ఆ పరీక్షకు భర్త వెళ్లకముందే భార్యను రావిచెట్టు చుట్టూ తిప్పే ఇళ్లు మేము ఎరిగినంతలో అయిదు రాష్ట్రాలలోనూ ఉన్నాయి.

నీరుగొబ్బి ఒక్కటి ఈ చాటుమాటు నుంచి తప్పించుకుంది. చిత్తడి నేలల్లో, చెరువుగట్ల కింద పెరిగే ముళ్ల మొక్క ఇది. గింజలు నీళ్లు తగిలితే జిగురుగా ఉబ్బుతాయి, వీర్యవృద్ధికి చెబుతారు. తమిళంలో నీర్‌ముళ్లి, కన్నడంలో కొళవళికె, మరాఠీలో తాల్‌మఖానా. సంస్కృతంలో కోకిలాక్షం, అంటే కోకిల కన్ను. ఒడియాలో ఇది కొఇలిఖియా, కోకిలను వదలలేదు. ఒడిశాలో లేత ఆకును కూరగా వండుకు తింటారు. రక్తం పడుతుందని ఆడవారికీ పెడతారు, నిద్ర పడుతుందని పెద్దవారికీ పెడతారు. బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో ఈ ఆకును అందరి ముందూ కొంటారు, అందరి ముందూ వండుతారు. అక్కడ మేము గింజల సంగతి అడిగినప్పుడు మగవారు తలదించుకున్నారు. ఆకు సంగతి అడిగినప్పుడు ఇంటి ఇల్లాలు నీరుగొబ్బి, కొఇలిఖియా రెండు పేర్లూ చెప్పి, ఏ చెరువు కింద లేతగా దొరుకుతుందో కూడా చెప్పింది.